మడ అడవిలోంచి రాత్రిళ్లు కర్ర పోతోంది. ఊరు కలిసి ఆపగలమా?

మొగ కుర్రాడు:

మాది గోదావరి గౌతమి పాయ ఒడ్డున చేపల వేట ఊరు. పేరు రాయను, రాస్తే సాయంత్రానికల్లా మా నాన్నగారి దగ్గరికి పంచాయితీ వస్తుంది. ఊరికీ సముద్రానికీ మధ్య ఉన్నదంతా మడ అడవే. కాలువ అంచున పొన్న, కళింగ చెట్లు. లోపలికి పోతే నల్లమడ, తెల్లమడ. మెరక మీద తిల్ల.

సంక్రాంతి దాటినప్పటి నుంచి రాత్రిపూట పోటు మీద, అంటే సముద్రపు నీళ్లు ఎక్కేటప్పుడు, నావలు లోపలికి వెళ్తున్నాయి, నీళ్లు దిగే పాటు వేళకి కర్ర వేసుకుని దిగిపోతున్నాయి. ఇంజను ఆపేసి గెడ వేసుకుంటూ వస్తారు, చప్పుడుండదు. పొయ్యిలోకి మోపు తెచ్చుకునేవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు, నేను అడిగేది వాళ్ల గురించి కాదు. ఈ కర్ర ఎక్కడికో అమ్మకానికి పోతోంది. దానికి తోడు ఉత్తరం అంచున ఎవరో పొక్లెయిన్ పెట్టి గట్టు వేశారు. గట్టు లోపల చిక్కిన మడ ఆకు పసుపెక్కుతోంది. రొయ్యల చెరువు చేస్తారని అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు.

కుర్రాళ్లం కొంతమందిమి కూర్చుని మాట్లాడుకున్నాం. పెద్దవాళ్లేమో ‘ఫారెస్టు వాళ్లని పిలిస్తే ఆ నావల సంగతి తర్వాత, ముందు మన వలలు లాక్కుంటారు’ అంటున్నారు. ఆ భయం ఉత్తిదేం కాదు. ఫిర్యాదు ఎవరికి చేయాలి? ఊరే కమిటీ వేసుకుని కాపలా కాస్తే చట్టం ఒప్పుకుంటుందా? అలా చేసినవాళ్లు ఎవరైనా ఉంటే, ఎక్కడ మొదలుపెట్టారో చెప్పండి.


కాకినాడ ప్లీడరు:

ఫిర్యాదు రాసే ముందు ఆ నేల ఎవరిదో తేల్చుకోండి. మన గోదావరి మొగల్లో, అంటే నది సముద్రంలో కలిసే చోట్ల, మడ మూడు రకాల నేలలో ఉంది. 1978లో ప్రకటించిన కోరంగి అభయారణ్యం ఒకటి, 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ 1972 వన్యప్రాణి చట్టం సెక్షన్ 29 వర్తిస్తుంది, అనుమతి లేకుండా ఎండు పుల్ల తెచ్చినా నేరమే. అభయారణ్యం బయట ఉన్న రిజర్వు ఫారెస్టు రెండోది, దానికి 1967 నాటి ఏపీ అటవీ చట్టం. ఇక మూడోది రెవెన్యూ పోరంబోకు. ఫారెస్టు వాళ్లు ‘ఇది మా హద్దు కాదు’ అనేదీ, తహసీల్దార్ ఆఫీసులో ‘చెట్లంటే ఫారెస్టు కదండీ’ అనేదీ ఈ మూడోదాని దగ్గరే. నా దగ్గరికి వచ్చిన గొడవల్లో మడ పోయింది ఎక్కువగా ఈ సందులోనే. సర్వే నంబరు దొరికితే మీభూమి వెబ్‌సైటులో అడంగల్ (భూమి రికార్డు) చూడండి, లేకపోతే వీఆర్వోని అడిగి ఎఫ్ఎంబీ (భూమి కొలతల పటం) నకలు తీసుకోండి.

నేల ఏదైనా తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు, అంటే సీఆర్‌జెడ్ తప్పదు. మడ ఉన్న చోటు సీఆర్‌జెడ్-1ఏ కిందికి వస్తుంది. వెయ్యి చదరపు మీటర్లు మించితే చుట్టూ 50 మీటర్ల బఫరు కూడా. అందువల్ల మీ రెండు గొడవల్లో ముందు పట్టుకోవాల్సింది గట్టు. నావ రేపటికి ఉండదు, గట్టు ఉంటుంది. జిల్లా స్థాయిలో కలెక్టరు ఉండే సీఆర్‌జెడ్ కమిటీకి, నకలు రాష్ట్ర తీర మండల అథారిటీకి, ఇంకో నకలు ఫిషరీస్ శాఖకి పంపండి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల బొమ్మలు కనిపిస్తాయి. గట్టు లేనప్పటిదీ వేసిన తర్వాతదీ పక్కపక్కన ప్రింటు తీసి జత చేయండి. పది పేజీల అర్జీ కన్నా అది ఎక్కువ పనిచేస్తుంది.

కదలిక లేకపోతే చెన్నైలో జాతీయ హరిత ట్రిబ్యునల్, అంటే ఎన్‌జీటీ దక్షిణ మండల బెంచ్ ఉంది. ఫీజు వెయ్యి రూపాయలు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు కూడా. కానీ సంగతి మొదలైన ఆరు నెలల్లోపు వేయాలి. చాలామంది ఆఫీసుల చుట్టూ తిరుగుతూ ఆ గడువు దాటేస్తారు. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం మడ కొట్టినప్పుడు ఆ గొడవ వెళ్లింది ఎన్‌జీటీకే.

కమిటీ సంగతి. రిజర్వు ఫారెస్టు పక్కన అయితే వన సంరక్షణ సమితి, అభయారణ్యం పక్కన అయితే ఎకో డెవలప్‌మెంట్ కమిటీ. రెండూ ఫారెస్టు శాఖ గుర్తిస్తేనే. మీరు చూడొచ్చు, రాయొచ్చు, చెప్పొచ్చు. నావని కట్టేయడం, మనిషిని నిలబెట్టడం మాత్రం చేయకండి, కేసు మీ మీదికే తిరుగుతుంది.


కోరంగి కోడలు:

ప్లీడరు గారు రాసింది దాచుకో తమ్ముడూ. నేను ఊళ్లోపలి సంగతి చెబుతాను.

నేను కాజులూరు వైపు పిల్లని. మా పుట్టింట్లో పొయ్యిలోకి పిడకలు, కొబ్బరి మట్టలు. తాళ్లరేవు మండలానికి కోడలిగా వచ్చాక మడ కర్ర. పాటు ఎప్పుడో చూసుకుని ఆడవాళ్లం బురదలో దిగేవాళ్లం. నేల మీదికి పొడుచుకొచ్చిన ఊపిరి వేర్లు అరికాళ్లని చీరేసేవి. తిల్ల కొమ్మ విరిస్తే పాలు కంట్లో పడతాయని మా అత్తగారు కొంగు ముఖం మీదికి లాక్కోమనేవారు. నువ్వు ‘మోపు తెచ్చుకునేవాళ్లు’ అన్నావు కదా, ఆ లెక్కలో నేనూ ఉన్నాను. అందుకు సిగ్గుపడను. గ్యాస్ లేని రోజులు, పిల్లలకి అన్నం వండాలి.

1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్ వాళ్లూ ఫారెస్టు వాళ్లూ కలిసి మా వైపు ఊళ్లలో వన సంరక్షణ సమితులు పెట్టించారు. మా ఊళ్లో మొదటి మీటింగు రామాలయం అరుగు మీద. మగాళ్లు కూర్చున్నారు, టీ తాగారు, రేపటి నుంచి ఎవరూ నరకకూడదని తీర్మానం రాసేశారు. మర్నాడు పొద్దున పొయ్యిలో ఏం పెట్టాలన్నది ఒక్కరికీ తట్టలేదు. మా ఆడపడుచు అరుగు కిందనుంచి ‘ఆ తీర్మానం కాగితమే పెట్టమంటారా’ అంది. నవ్వారు. నవ్విన తర్వాత కానీ అసలు మాట మొదలవ్వలేదు.

ఆ మాట ఇది. తలమీద మోపు వేరు, నావలో కర్ర వేరు. రెంటినీ ఒకే గాటన కట్టేస్తే ఊరు రెండుగా చీలుతుంది, నావ వాళ్లకి కావాల్సింది కూడా అదే. మా ఊరికి ఆనుకుని ఉన్నది రిజర్వు ఫారెస్టు, అభయారణ్యం కాదు. గార్డుని కూర్చోబెట్టే ఒప్పించి ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. రాలిన కర్ర, ఎండిన కొమ్మ చేత్తో విరిచి తెచ్చుకోవచ్చు. గొడ్డలి మాత్రం అడవిలోకి వెళ్లకూడదు. ఎంత తెచ్చావని ఎవరూ తూచరు, కట్టె ఏదో చూడరు, గొడ్డలి ఉందా లేదా అంతే. ఇంత తేలికైన నియమం కాబట్టే నిలబడింది. అంతకుముందు ఎవరో చదువుకున్నాయన కుటుంబానికి ఇన్ని కిలోలు అని పట్టిక రాసుకొచ్చారు. దాని గతి ఏమైందో నీకు చెప్పక్కర్లేదు.

కట్టెకి బదులు కూడా చూసుకున్నాం. చెరువు గట్టున, ఇసుక మెరకల్లో సరుగుడు వేశాం. సరుగుడు చేతికి రావడానికి నాలుగేళ్లు పడుతుంది. ఈలోపు కొబ్బరి తోటల వాళ్లతో మాట్లాడి మట్టలు తెప్పించుకున్నాం. ఇప్పుడు మీ ఊళ్లో అందరికీ గ్యాస్ ఉండే ఉంటుంది. కానీ పెళ్లి వంటలకి, వల గెడలకి, పాక రాటలకి ఇంకా మడే పోతుంటుంది, కనుక్కో. అక్కడ సరుగుడు కర్ర ఎంతకి దొరుకుతుందో తెలిస్తే సగం పంచాయితీ తీరుతుంది.

ఇక నావలు. రాత్రి అడవిలోకి వెళ్లి కాపలా కాయాలని అనుకుంటున్నారేమో, అక్కర్లేదు. అష్టమి నాడు నీరు అంత ఎత్తు లేవదు. లోపలి కాలువల్లోకి పెద్ద నావ దూరి, బరువుతో బయటికి రావాలంటే అమావాస్య, పౌర్ణమి పోట్లే కావాలి. క్యాలెండరు ముందు పెట్టుకుంటే ఏ రాత్రులో మీకే తెలుస్తుంది. పైగా బరువు నావ ఎక్కడపడితే అక్కడ కట్టదు, లారీ రాగల రేవుకే రావాలి. అలాంటి రేవులు మీ చుట్టూ ఎన్నుంటాయి? అక్కడ చేపలు ఎండబెట్టుకునే ఆడవాళ్లు తెల్లవారుజామునే ఉంటారు. వాళ్లకి అన్నీ కనిపిస్తాయి, వాళ్లని ఎవరూ పట్టించుకోరు. మా ఊళ్లో నావ రంగు, వేళ, వచ్చిన లారీ ఇవి మూడూ డ్వాక్రా పుస్తకం వెనక అట్ట మీద రాసేవాళ్లం.

మొదట్లో చెప్పినా ఫలితం ఉండేది కాదు. ఒకసారి గార్డే నావని ఆపాడు, సాయంత్రానికి పైనుంచి ఫోను వచ్చింది, నావ వెళ్లిపోయింది. ఆ కుర్చీలో ఎవరున్నారో రాయను. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకుంటాం? అప్పటి నుంచి నోటిమాట మానేశాం. ప్రతిదీ రెండు కాపీలు, ఒకదాని మీద ఆఫీసు ముద్ర వేయించుకుని వచ్చేవాళ్లం. ముద్ర వేయమంటే మొహం చిట్లించేవారు, మేము కూర్చునేవాళ్లం. ఆడవాళ్లం గుంపుగా వరండాలో కూర్చుంటే ఏ ఆఫీసరూ రెండు గంటలు ఓర్చుకోలేడు.

నరికితే మళ్లీ మొలుస్తుందిలే అని మీ ఊళ్లోనూ అంటూ ఉంటారు. కొన్నిచోట్ల మొలుస్తుంది. ఒకేసారి బోడి చేసిన చోట మొలవదు. ఎండ తగిలి బురద ఆరిపోతుంది, నేల గుంట పడుతుంది. పోటు నీళ్లు గుంటలోకి వస్తాయి, తిరిగిపోవు. అక్కడే ఇగిరి ఉప్పు పేరుకుంటుంది. తెల్లగా అట్టకట్టిన నేల చూసే ఉంటావు, దాంట్లో తెల్లమడ గింజ కూడా బతకదు. ఫౌండేషన్ వాళ్లు చేప ముల్లు కాలువలని తవ్వించారు. మధ్యలో వెన్నెముకలా పెద్ద కాలువ, అటూ ఇటూ ఏటవాలుగా పిల్ల కాలువలు. పోటుకి నీళ్లు ఎక్కుతాయి, పాటుకి దిగిపోతాయి, వానలు పడ్డాక ఉప్పు కడిగేస్తాయి. ఆ తర్వాత కాలువ వాలులో మొక్కలు పెడతారు. మా మామగారు, మరిది, నేను అందరం కూలికి తవ్వాం. నిజం చెప్పనా, అడవి మీద ప్రేమ నాకు ఆ బురద మోశాక వచ్చింది. గోడ మీద ‘వృక్షో రక్షతి రక్షితః’ అని రాసిన రోజు రాలేదు. కూలి తీసుకుని ఆ కాలువ తవ్విన మనిషి తర్వాత అటు గొడ్డలి రానివ్వలేదు.

ప్రాజెక్టు డబ్బు అయిపోయాక సమితి నీరసపడింది, అది దాచడం దేనికి. కాలువలు పూడుకుపోయాయి కొన్ని. ఏడాదికోసారి పూడిక తీయకపోతే మళ్లీ అదే ఉప్పు నేల. ఒకటి రెండుసార్లు ఉపాధి హామీలో పెట్టించాం, ఫీల్డ్ అసిస్టెంటుని పీడించి పీడించి.

1996 నవంబరు 6 తుపానుకి భైరవపాలెం, బలుసుతిప్ప నుంచి వేటకెళ్లినవాళ్లు ఎంతమంది తిరిగి రాలేదో మీ నాన్నగారిని అడుగు, చెబుతారు. మీటింగుల్లో ఎవరో ఒకరు ఆ తుపాను పేరు చెప్పి మడ ఉంటే గండం ఉండదంటారు. ఆ మాట నేననను. సముద్రం మీద ఉన్నవాడిని మడ ఎలా కాపాడుతుంది? ఒడ్డున ఉన్న ఊరికి ఉప్పెన జోరు తగ్గిస్తుంది, అంతవరకే. మా ఊరిని ఒప్పించింది తుపాను కాదు, మండపీత. మడ పోయిన కాలువలో పీత లేదు, రొయ్య పిల్ల లేదు, పండుగప్ప పిల్ల లేదు. వల వేసేవాడికి అది వేరే చెప్పక్కర్లేదు.


యానాం బుల్లోడు:

డల్లాస్‌లో ఉంటున్నాను, మాది యానాం. చిన్నప్పుడు కోరంగి వైపు పడవలో తిరిగినవాళ్లమే. ఒక మంచి డ్రోన్ కొని పంపుతాను. రాత్రి కూడా కనిపించే క్యామెరా ఉన్నది. ఖర్చు మా స్నేహితులం చూసుకుంటాం. ఎవరికి పంపాలో చెప్పండి.


కోరంగి కోడలు:

మీ మనసు గొప్పది బాబూ. కానీ డ్రోన్ ఎగిరిన మర్నాడు అది ఎవరి చేతిలో ఉందో ఊరంతా తెలుస్తుంది, ఆ కుర్రాడి నావ ఇంజనులో ఇసుక పోస్తారు. అభయారణ్యం మీద అనుమతి లేకుండా ఎగరేస్తే కేసు కూడా. ఆ డబ్బుతో సరుగుడు నారు కొనిపెట్టండి, లేదా ఒక వేసవి పూడికతీతకి కూలి ఇవ్వండి. ఫోటో బాగా రాదు, పని అవుతుంది.


పీతల బుజ్జి:

అందరూ బాగా రాస్తున్నారు. మా మాట కూడా వినండి. మేము యానాదులం. నావ లేదు, వల లేదు, బురదలో దిగి చేత్తో, ఇనప కొక్కెంతో పీత పడతాం. మా దగ్గర ఒక ఊళ్లో ఇలాగే కమిటీ వేశారు. మొదటి వారం ఆగింది ఎవరో తెలుసా? మేము. కొక్కెం చూసి ‘ఇది నరకడానికా’ అన్నారు. నావ కర్ర మాత్రం ఎప్పటిలాగే పోయింది, ఆ నావ వాడి బావమరిది కమిటీలో ఉన్నాడు. మీ కుర్రాళ్లు కూర్చుని మాట్లాడుకున్నప్పుడు మా పేట వాళ్లు ఒక్కరైనా ఉన్నారా? అడవి లోపల ఏ చెట్టు ఎప్పుడు పడిందో రోజూ చూసేది మేమే. మమ్మల్ని బయట నిలబెట్టి అడవి కాపాడతామంటే నవ్వొస్తుంది.


కాకినాడ ప్లీడరు:

బుజ్జి గారు చెప్పినదానికి చట్టంలో దారి ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3లో చేపలు, నీటి వనరుల్లో దొరికేవి పట్టుకునే సామూహిక హక్కు కూడా ఉంది. ఎస్టీలకు 2005 డిసెంబరు 13కి ముందు నుంచీ ఆ అడవి మీద ఆధారపడి ఉన్నట్టు చూపితే చాలు. మిగతా వేట కుటుంబాలైతే మూడు తరాలు, అంటే 75 ఏళ్లు చూపాలి. అది కష్టమే కానీ అసాధ్యం కాదు, పాత రేవు వేలం కాగితాలు, పెద్దల వాంగ్మూలాలు పనికొస్తాయి. అర్జీ గ్రామసభ నుంచి మొదలవుతుంది. అదే చట్టం సెక్షన్ 5లో అడవినీ నీటివనరులనీ కాపాడుకునే అధికారం గ్రామసభకి ఇచ్చారు. మీ పెద్దవాళ్ల ‘వలలు లాక్కుంటారు’ భయానికి ఇదే మందు. కాపలా కమిటీ తీర్మానం ఏ రోజు పెడితే ఆ రోజే, అదే పుస్తకంలో, ఈ హక్కుల అర్జీ తీర్మానం కూడా పెట్టండి. విడివిడిగా పెట్టొద్దు.

ఇంకో మాట. కోడలు గారి ఊరి ‘ఎండు కర్ర తెచ్చుకోవచ్చు’ కట్టుబాటు రిజర్వు ఫారెస్టులో గార్డు కూర్చుని ఒప్పుకున్నది. మీది అభయారణ్యం అయితే దాన్ని యథాతథంగా రాసుకోకండి.


మొగ కుర్రాడు:

అందరికీ థాంక్స్. అడంగల్ చూశాను. గట్టు వేసిన చోటు పోరంబోకుగా ఉంది. మా ఊరి ముందున్న మడ మాత్రం రిజర్వు ఫారెస్టేనని వీఆర్వో గారు చెప్పారు, కాగితం ఇంకా చేతికి రాలేదు. గూగుల్ ఎర్త్ బొమ్మలు కాకినాడలో కలర్ ప్రింటు తీయించాను, పాతదాంట్లో గట్టు ఉన్న చోట పచ్చగా కనిపిస్తోంది. సీఆర్‌జెడ్ అర్జీ సోమవారం స్పందనలో... ఇప్పుడు దాని పేరు వేరే అనుకుంటాను, కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే రోజున ఇస్తాం.

బుజ్జి గారు, నిజమే, మీ వాళ్లు ఎవరూ లేరు. కాలువ అవతల పేటకి నిన్న సాయంత్రం వెళ్లాను. గంట కూర్చోబెట్టి మాట్లాడారు. కర్ర ఎక్కడ కొడుతున్నారో చోటుతో సహా చెప్పారు, మేము అనుకున్న వైపు అసలు కాదు.

అక్కా, ఒక టెన్షన్ ఉంది. నావల్లో ఒకటి మా చిన్నాన్న వరసాయనది. మీటింగులో ఆయన ముందు కూర్చుంటారు. ఎలా?


కోరంగి కోడలు:

ప్రతి ఊళ్లోనూ ఒక చిన్నాన్న ఉంటాడు. మీటింగుకి ముందే మీ అమ్మగారిని వాళ్ల ఇంటికి పంపు, మీ నాన్నగారిని కాదు. పిన్నిగారితో మాట్లాడమను. కర్ర మీద ఆయనకి ఎంత మిగులుతుందో, ఎవరికి అప్పున్నాడో ఆవిడకే తెలుస్తుంది. మా దగ్గర నావ పెట్టినవాడు ఐసు, డీజిలు బాకీలు తీర్చలేక పెట్టాడు, కర్ర అసలు బేరగాడు వేరే ఉన్నాడు. మీటింగులో పేర్లు ఎత్తకండి. గొడ్డలి అడవిలోకి వెళ్లకూడదు అన్న ఒక్క మాట మీద చేతులు ఎత్తించండి, ఆయన చేయి కూడా లేస్తుంది. లేవకపోతే అందరూ చూస్తారు.

వచ్చే అమావాస్య లోపు ఈ పని అయిపోవాలి. రేవులో ఉండే ఆడవాళ్లతో ఇవాళే మాట్లాడు.